నలభయ్యో రోజు

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో అందరికీ అలవాటైన చప్పుడు ఒకటుంటుంది. వంటింటి వెనక చిన్న గదిలో, సింకు ముందు ఎత్తు పీట వేసుకుని, ఎనభై మూడేళ్ల నానమ్మ అంట్లు తోముతున్న చప్పుడు. ఇంటి నిండా పనివాళ్లున్నారు. గిన్నెలు కడిగే యంత్రాలే మూడున్నాయి. అయినా ఆవిడ తోముతుంది. ఆవిడ తోమితేనే కంపెనీ నడుస్తుంది మరి.

వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ నిజం. నాలుగు తరాలుగా సబ్బులు చేస్తున్న కుటుంబం అది. ఒంటి సబ్బు, బట్టల సబ్బు, నేల తుడిచే లిక్విడ్, ఏ ఇంటి అలమార తీసినా వాళ్ల సరుకు ఒక్కటైనా కనిపిస్తుంది. పెరట్లో పాక వేసి సబ్బు కాచడం మొదలుపెట్టిన ముత్తాత ఒక నియమం పెట్టి పోయాడు. కొత్త సరుకేదైనా ముందు నలభై రోజులు మన ఇంట్లో వాడాలి. వాడిన మనిషి చేతుల్ని కంపెనీ పెద్ద రోజూ స్వయంగా వచ్చి చూడాలి. నలభయ్యో రోజున ఇంటావిడ సరేనంటేనే లారీ కదలాలి. తర్వాత ల్యాబులొచ్చాయి, డాక్టర్ల నివేదికలొచ్చాయి. ఆ నియమం మాత్రం అలాగే ఉండిపోయింది. పంతొమ్మిదో ఏట కోడలిగా వచ్చింది మొదలు ఆ ఇంటావిడ ఈవిడే.

ఇప్పటి కంపెనీ పెద్ద ఆవిడ మనవడు. నలభై రెండేళ్లొచ్చినా ఫ్యాక్టరీలో అందరికీ చిన్నబాబే. అతనికెన్ని వేల కోట్లున్నాయో అతనికన్నా పత్రికలవాళ్లకే బాగా తెలుసు. అతన్ని తొలిచేది వేరే సంగతి. అమ్ముతున్నదంతా ముత్తాతదీ, తాతదీ, నాన్నదీ. తనదంటూ ఒక్కటీ లేదు. ఈ కొత్త అంట్ల లిక్విడ్ తనది. రెండేళ్లు తిండీ నిద్రా మాని తయారు చేయించాడు. ఇవాళ నలభయ్యో రోజు. పదకొండింటికి లారీలు బయలుదేరాలి.

కాఫీ తాగుతూ ఫోను చూసుకుంటున్నాడు. భార్య వచ్చి ఎదురుగా నిలబడింది.

"నానమ్మ దగ్గరికి వెళ్లొచ్చారా?"

"ఇప్పుడే. భేషుగ్గా ఉంది, పంపించుకో అంది."

"చేతులు చూశారా?"

"రోజూ చూస్తూనే ఉన్నాగా."

"అయితే ఆ చేతులకి ఏమున్నాయో చెప్పండి."

అతను తలెత్తాడు. ప్రశ్నే అర్థం కాలేదు.

"తొడుగులు," అంది భార్య. "తెల్ల నూలు తొడుగులు. మూడు వారాలుగా అంట్లు తోమడం అవ్వగానే వేసుకుంటోంది. చలి అంటే నేనూ నమ్మాను. ఇందాక స్వెటర్ బొత్తాలు పెట్టుకోలేక అవస్థ పడుతుంటే సాయానికి వెళ్లాను. తొడుగు మీద రక్తం మరకండీ."

"ఎక్కడో గీరుకుని ఉంటుంది. ల్యాబులో మూడొందల మంది చేతుల మీద చూశారు. ఒక్కరికి దురదైనా రాలేదు."

"ఆ మూడొందల మందిలో ఎనభై దాటినవాళ్లు ఎంతమంది?"

అతనికి చిర్రెత్తుకొచ్చింది. "నీకిది మొదట్నుంచీ ఇష్టం లేదు. రెండేళ్లు ఇంటిపట్టున లేనని కక్ష."

"కక్షే ఉంటే పదకొండు దాటాక చెప్పేదాన్ని," అంది ఆమె నెమ్మదిగా.

అతను విసురుగా లేచాడు. పొడవాటి వరండా దాటి నానమ్మ గదికి వెళ్లాలంటే మూడు నిమిషాల నడక. ఇల్లు అంత పెద్దది, ఏం చేస్తాం.

నానమ్మ కిటికీ పక్కన కూచుని ఉంది. "మళ్లీ వచ్చావేం? ఏమన్నా మర్చిపోయావా?"

"తొడుగులు తియ్యి నానమ్మా."

"చలిరా."

"తియ్యి."

"పెళ్లిచూపులా ఏంటి, చేతులు చూపించమని పట్టుబడుతున్నావు," అని నవ్వబోయింది ఆవిడ. అతను నవ్వలేదు. ఎదురుగా కూచుని తనే మెల్లగా లాగాడు. వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయింది. అరచేతుల నిండా పగుళ్లు. కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"ఎన్నాళ్లయింది?"

"ఆరో రోజున మంట మొదలైంది."

"ఆరో రోజా?" అతని గొంతు పెరిగింది. "అప్పట్నుంచీ నాతో అబద్ధం చెబుతున్నావా? తాతయ్య సరుకుని ఏడుసార్లు వద్దన్నావు. నాన్నకి మొహం మీదే చెప్పావు. నా దగ్గరికొచ్చేసరికి ఏమైంది? వీడు తట్టుకోలేడు, చిన్నపిల్లాడు అనుకున్నావా? లక్షల ఇళ్లకి వెళ్లే సరుకు నానమ్మా ఇది. నీలాంటివాళ్లు ఎంతమంది చేతులు ఇలా..."

మాట పూర్తి కాలేదు. వెనకే వచ్చిన భార్య గుమ్మంలో ఆగిపోయింది.

"చెబుదామనే నోరు తెరిచానురా," అంది నానమ్మ. "వద్దంటే పరీక్ష ఆ రోజుతో అయిపోతుంది. ఏడో రోజు నుంచి నువ్వు రావు."

"రాకపోవడమేంటి? ఇంట్లోనే ఉంటాగా."

"ఉంటావు. ఈ లిక్విడ్ మొదలవకముందు ఈ గదికి ఎప్పుడొచ్చావో చెప్పు."

అతను ఆలోచించాడు. జ్వరం వచ్చినప్పుడు డాక్టర్ని పంపాడు. పుట్టినరోజుకి పూలు పంపాడు. తను వచ్చిన రోజు మాత్రం ఎంత వెతికినా తట్టలేదు.

"తప్పు నాదే," అంది ఆవిడ. "నాలుగు రోజులు మనవడి మొహం చూసుకోవాలని ఊరందరి చేతులకీ పుండ్లు తెచ్చేదాన్ని. నాకు బుద్ధుండాలి. కానీ ఒక్కటి చెప్పనా. మీ ముత్తాత చేతులు చూడమన్నాడు, అడిగి వెళ్లిపొమ్మనలేదు. ఈ తొడుగులతో మూడు వారాలు నీ ఎదురుగా కూచున్నాను. ఇవాళ చూస్తాడు, రేపు చూస్తాడు అని. చూసి అడిగుంటే ఆ క్షణమే తీసేసేదాన్ని. నువ్వు ఫోను చూసుకుంటూ అడిగేవాడివి, నేను భేషుగ్గా ఉందనేదాన్ని."

అతనికి కళ్లు మసకబారాయి. ఏదో అనబోయేసరికి జేబులో ఫోను మోగింది. ఫ్యాక్టరీ మేనేజరు.

"సార్, లారీలు రెడీ. పెద్దమ్మగారు సరే అన్నారా?"

"ఆపెయ్యండి."

"సార్, సాయంత్రం నుంచి ప్రకటనలు..."

"అవీ ఆపండి. ఇంటి పరీక్షలో పోయింది."

"బయటివాళ్లకి ఏం చెప్పమంటారు సార్?"

"ఉన్నదే చెప్పండి. చిన్నబాబు నానమ్మ చేతులకి పడలేదని చెప్పండి."

భార్య లోపలికొచ్చి మందు గొట్టం అతని చేతిలో పెట్టింది. ఫోను తను తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. అతను ఒక్కొక్క వేలికీ మందు రాశాడు. ఇంత దగ్గరగా ఆ చేతుల్ని ఎన్నడూ చూడలేదు.

"ఆఫీసుకి వెళ్లవూ?"

"వెళ్లను."

"మరి ఇక్కడేం చేస్తావు?"

"కూచుంటాను. నీతో మాట్లాడతాను."

నానమ్మ నిజంగానే తికమకపడింది. "సబ్బు సంగతి అయిపోయిందిగా. ఇంకేం మాట్లాడుకుంటాం?"

అతనికీ తోచలేదు. వందల మంది ముందు గంటలకొద్దీ మాట్లాడే మనిషి, సొంత నానమ్మ ముందు మాట కోసం తడుముకున్నాడు. చివరికి, "ఇన్నేళ్లలో మనం చేసినవాటిలో నీకు బాగా నచ్చిందేది?" అన్నాడు.

ఆవిడ చాలాసేపు అతని మొహంలోకి చూసింది. పరిహాసమాడుతున్నాడేమోనని అనుమానం. కాదని తేలాక అంది, "ఏదీ లేదురా. ఆ వాసనలే నాకు పడవు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ తలనొప్పే."

అతనికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "అరవై నాలుగేళ్లు! తాతయ్యకైనా చెప్పలేదా?"

"ఎవరడిగారు? అందరూ చేతుల గురించే అడిగారు."

అతను నానమ్మ ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మందు అంటుతుందని ఆవిడ చేతులు పైకెత్తి పట్టుకుని, మోచేత్తోనే అతని వీపు నిమిరింది.

"నేనడుగుతున్నా నానమ్మా," అన్నాడు తలెత్తకుండానే. "ఇంకా ఏమేం పడవో చెప్పు."

"చాలా ఉన్నాయిరా. మధ్యాహ్నం దాకా పడుతుంది."

"పట్టనీ," అన్నాడు అతను.