బావి పల్లంలో మార్నీ పేరు

హాస్కెల్ వాళ్ళ తోటకి వెళ్తే ఎక్కడైనా తిరగండి. నిచ్చెన వేసుకుని యాపిల్స్ కోసుకోండి, మొక్కజొన్న చేలో దారి తప్పండి, ట్రాక్టరు బండిలో గడ్డిమోపుల మీద కూర్చుని పిల్లలతో పాటు కేకలు పెట్టండి. బావి పల్లంలోకి మాత్రం దిగకండి. పొద్దు వాలాక అసలే వద్దు.

ఇది నా మాట కాదు... గ్రేంజ్ రోడ్డు మీద ఎవర్నడిగినా ఇదే చెబుతారు. చెప్పి, వెంటనే వాతావరణం సంగతికి దిగుతారు.

గుమ్మడి చేను దాటగానే నేల ఒక్కసారిగా కిందికి జారిపోతుంది. ఆ గుంటలో రాతికట్టు బావి ఒకటి, పైన కప్పిన చెక్కలు. నూరేళ్ళ కిందట, హెస్టర్ అనే ఆవిడ అక్కడ కాపురం ఉండేదట. ఒక అక్టోబరులో గొంతు జబ్బు వచ్చి ఆవిడ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మంచాన పడ్డారు. ఐదుగురు! డాక్టరు చేతులెత్తేశాడు. అప్పుడావిడ ఏం చేసిందంటే... ఒక మేకు తీసుకుని, చేలోకి పోయి, గుమ్మడికాయ మీద తన పేరు గీసింది. పిల్లల్ని వదిలెయ్, నన్ను తీసుకుపో — అని.

ఎవరూ వినలేదు. ఐదుగురూ పోయారు. ఆవిడ మిగిలింది. అదీ కొన్నాళ్ళే... పక్కనే బావి ఉంది కదా.

అప్పట్నుంచీ ఆ పల్లంలో ఎవరూ విత్తకుండానే తీగలు మొలుస్తాయట. కాయల మీద ఎవరూ రాయని పేర్లు కనిపిస్తాయట. ఎవరి పేరు కనిపిస్తే వాళ్ళు ఆ ఏడు తొలి మంచు చూడరట. పాల లారీ క్లైడ్ పేరు కనిపించింది, పోయాడు. చర్చిలో పియానో వాయించే ఓపల్ పేరు కనిపించింది, పోయింది. ఆవిడకప్పటికి తొంభై మూడేళ్ళు... ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

నేనూ నవ్వుకునేవాణ్ణే. నోరీన్ సంగతి ఓర్విల్ నోట వినేదాకా.

ఓర్విల్ హాస్కెల్ ఆ తోట యజమాని. డెబ్బై ఎనిమిదేళ్ళు, ఒక మోకాలు పూర్తిగా పాడు. ప్రతి జూలైలో, కాయలు పిడికిలంత, పచ్చిగా ఉన్నప్పుడు, మేకు పట్టుకుని చేనంతా వంగి వంగి తిరుగుతాడు. ఏటా వచ్చే పిల్లల పేర్లు ఒక్కో కాయ మీద గీస్తాడు. కాయతో పాటు పేరూ పెరుగుతుంది. అక్టోబరులో పిల్లలొచ్చి, ఆకులు తప్పించుకుంటూ, ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని గావుకేకలు పెడతారు. జనం అంతంత దూరం నుంచి వచ్చేది అందుకే. యాపిల్స్ ఎక్కడ దొరకవు?

నోరీన్ కూతురు మార్నీకి రెండో ఏటి నుంచీ అక్కడ ఒక కాయ ఉంటుంది. ఇప్పుడు ఎనిమిదేళ్ళు. ఈ ఏడు మాత్రం సెప్టెంబరు నుంచీ ఆ పిల్ల ఆసుపత్రి మంచం దిగలేదు. గుండె. సోమవారం తెల్లవారుజామున ఆపరేషన్. "సగం సగం అనుకోండమ్మా," అన్నాడు డాక్టరు, తన బూట్లకేసి చూసుకుంటూ.

ఆదివారం మధ్యాహ్నం మార్నీ కళ్ళు తెరిచి అడిగింది.

"అమ్మా, నా గుమ్మడికాయ ఒక్కత్తే ఉండిపోయిందేమో. వెళ్ళి తీసుకురావా? అది కిటికీలో ఉంటే నేను బుద్ధిగా నిద్రపోతా."

ఆ పిల్ల ఏమడిగినా నోరీన్ ఇచ్చేట్టే ఉంది అప్పుడు. తన చెల్లెల్ని మంచం పక్కన కూర్చోబెట్టి, గంటన్నర దూరం కారు తోలుకుంటూ వచ్చింది. దారంతా ఏడ్చింది. తోట గేటు దగ్గర మొహం తుడుచుకుంది.

అప్పటికే ఆరైంది. ఓర్విల్ మేనకోడలు గ్లెండా కొట్టు ముందు ఆఖరి యాపిల్ సైడర్ సీసాలు సర్దుతోంది.

"ఇప్పుడా రావడం? గుమ్మడికాయలు కూడా దుప్పటి కప్పుకున్నాయి!"

"మార్నీ కాయ కోసం వచ్చా గ్లెండా."

గ్లెండా చేతిలో సీసా అక్కడే ఆగిపోయింది. "...ఎలా ఉంది పిల్ల?"

"రేపు పొద్దున్నే."

గ్లెండా మిగిలిన డోనట్లన్నీ ఒక సంచిలో పోసి నోరీన్ చేతిలో పెట్టింది. "పోయి చూసుకో. గేటు వెయ్యన్లే. మామయ్య ఆఖరి బండి తిప్పుతున్నాడు, రాగానే పంపిస్తా."

చేను ఊడ్చినట్టుంది. మంచి కాయలన్నీ జనం ఎత్తుకుపోయారు. మిగిలినవి పగిలినవి, ఒక పక్క కుళ్ళినవి, ఎలుకలు కొరికినవి. నోరీన్ ఒక్కోదాన్నీ దొర్లించి చూసింది. ఒక వరస... రెండో వరస... ఎనిమిదో వరస. ఎక్కడా మార్నీ పేరు లేదు.

చీకటి పడింది. ఫోన్‌లో దీపం వేసింది. అందులోనే చెల్లెలి మెసేజీ వచ్చింది — "మళ్ళీ అడుగుతోంది. దొరికిందా?"

ఏదో ఒక కాయ మీద తనే గీసి ఇస్తే? లాభం లేదు. మార్నీకి ఇట్టే తెలిసిపోతుంది. ఇవాళ గీసిన గీత సన్నగా ఉంటుంది, జిగురు కారుతుంది. జూలైలో గీసింది కాయతో పాటు ఎదిగి, వెడల్పై, బెండులా పైకి లేస్తుంది. ఆ తేడా ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

చేను అంచుకొచ్చి నిలబడింది నోరీన్. కింద, పల్లంలో... చీకట్లో గుండ్రంగా ఏవో పడున్నాయి. ఒకటి కాదు, పది దాకా ఉన్నాయి.

చిన్నప్పుడు పందెం వేసుకుని ఈ అంచుదాకా పరిగెత్తుకొచ్చి, వెనక్కి పారిపోయిన పిల్ల తను. కిందికి ఎన్నడూ దిగింది లేదు. ఇప్పుడు దిగింది. తీగ ఏదైనా కిందికి పాకిందేమో, కాయ దొర్లిపోయిందేమో అనుకుంటూ, తనకి తనే సర్దిచెప్పుకుంటూ దిగింది.

పల్లంలో గాలి లేదు. పైన చేలో లేని చలి ఉంది. కుళ్ళిన ఆకుల వాసన. బావి మీద చెక్కల్లో ఒకటి పక్కకి జరిగి ఉంది... ఆ సందులో నల్లగా.

మొదటి కాయ — ఏమీ లేదు. రెండోది — ఏమీ లేదు.

మూడోది తిప్పింది.

మార్నీ.

"దొరికింది!" అంది పైకే. కాయని రెండు చేతులా కావలించుకుంది. గుండె తేలికైపోయింది. నవ్వు కూడా వచ్చింది.

అప్పుడు తట్టింది — తను ఎక్కడ కూర్చుని ఉందో.

ఫోన్ చేతిలోంచి జారి ఆకుల్లో పడింది. దీపం కిందినుంచి ఆ పేరు మీదే పడుతోంది. ఎవరూ రాయని పేర్లు... తొలి మంచు చూడరు... రేపు తెల్లవారుజామున...

"కాదు," అంది. "కాదు కాదు కాదు."

చొక్కా చేతిని ఉమ్మితో తడిపి రుద్దింది. గోళ్ళతో గీకింది. గోరు విరిగింది కానీ అక్షరం చెదరలేదు. ఆ పేరు తొక్క మీద లేదు, తొక్కలో ఉంది. పగలగొడదామని కాయని పైకెత్తింది... ఎత్తి, ఆగిపోయింది. ఇది పగిలితే ఇంకేం పగులుతుందో? మెల్లిగా, నిద్రపోయే బిడ్డని దించినట్టు, కింద పెట్టింది.

దేవుడికి నెల్లాళ్ళుగా చెబుతూనే ఉంది. రోజూ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెప్పింది. అక్కణ్ణుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక ఎవరికి చెప్పాలి?

బావి వైపు తిరిగింది.

"నువ్వూ తల్లివే... నీకు తెలుసు. నీకు కాక ఇంకెవరికి తెలుసు?"

కోటు జేబులోంచి కారు తాళంచెవి తీసింది. పక్కనున్న పేరులేని కాయని ఒళ్ళోకి లాక్కుని, చేతులు వణుకుతుంటే, గీసింది. నోరీన్. చివరి అక్షరం దగ్గర తాళంచెవి జారి, తోక ఇంత పొడుగున కిందికి పోయింది. గీతల్లోంచి జిగురు ఊరి వేళ్ళ మీదికి కారింది.

"నన్ను రాసుకో. దాన్ని వదిలెయ్."

ఎక్కడా ఒక ఆకు కదల్లేదు.

తర్వాత... బావి మీద చెక్క — టక్ — మని చప్పుడైంది.

ఇంతలో వెనకనుంచి అడుగులు. ఒక అడుగు పడుతోంది, ఇంకో అడుగు ఈడుస్తోంది. ఆకుల మీద బరబరా... పడుతోంది, ఈడుస్తోంది... దగ్గరికొస్తోంది...

"ఎవరది... కింద?"

పెద్ద టార్చిలైటు వెలుతురు మొహం మీద పడింది. దాని వెనక పాత టోపీ, వంగిన నడుం. ఓర్విల్! ఆ అడుగులు ఆ పాడు మోకాలివి.

"చంపేశావు కదా అమ్మాయ్! గ్లెండా చెప్పి అరగంటైంది, చేనంతా వెతుకుతున్నా. ఇక్కడేం చేస్తున్నావు?"

నోరీన్ వేలు పెట్టి చూపించింది. "దాని పేరు... ఓర్విల్ గారూ, ఇక్కడ... దాని పేరు..."

ముసలాయన ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఆపసోపాలు పడుతూ ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"పిచ్చిదానా! అది నేను రాసిందే."

"...మీరా?"

"మరి ఇంకెవరు? మే నెల వానలకి పై చేను సగం కుళ్ళిపోయింది. ఇక్కడ నేల బంగారంలా ఉంది కదా అని నాలుగు వరసలు వేశా. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక్కడి కాయ ఒక్కడైనా ముట్టుకుంటాడా? పేర్లున్నవన్నీ తోపుడుబండిలో పైకి చేర్చా, దీన్ని తప్ప." ఆయన గొంతు తగ్గించాడు. "మీరు ఈ ఏడు రారని గ్లెండా చెప్పింది. పైన పెడితే అందరూ అడుగుతారు కదా, ఈ పిల్లేది, ఈ పిల్లేది అని. నాకు మనసొప్పలేదు."

నోరీన్ ఆయన భుజం మీద తల ఆనించి భోరుమంది. ఆయన వీపు నిమురుతూ కూర్చున్నాడు.

"మరి ఆ క్లైడ్ పేరో?" అంది కాసేపటికి, ముక్కు చీదుకుంటూ.

"మా అన్న గీశాడు. వాడికీ క్లైడ్‌కీ క్షణం పడేది కాదు. నేనిక్కడే పుట్టానమ్మాయ్. ఇన్నేళ్ళలో ఒక్క దెయ్యమూ నన్ను పలకరించిన పాపాన పోలేదు. ఇదిగో, వేలు పెట్టి చూడు. బెండులా లేచిందా? ఇంత మందాన లేవాలంటే మూడు నెలలు పడుతుంది. దెయ్యాలకంత ఓపికెక్కడిది?"

నోరీన్ నవ్వేసింది. ఏడుస్తూనే నవ్వింది. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి.

"చేతికేంటది? రక్తమా?"

"కాదు... జిగురు." ఆమెకి సిగ్గేసింది. "నేనో తెలివితక్కువ పని చేశా. పక్క కాయ మీద నా పేరు గీశా. దీంతో." తాళంచెవి చూపించింది. దాని పళ్ళ మీద జిగురింకా తడితడిగా మెరుస్తోంది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. మీరు రావడానికి రెండు నిమిషాల ముందు."

ఓర్విల్ కూడా నవ్వాడు. "బాగుంది! దాన్నీ పట్టుకుపో. తల్లీకూతుళ్ళవి రెండూ కిటికీలో పక్కపక్కన పెట్టుకోండి." అని, టార్చి అటు తిప్పాడు.

నవ్వు ఆగిపోయింది.

కాయ మీద పేరుంది. నోరీన్. కానీ... జిగురు లేదు. సన్నటి గీతలు లేవు. అక్షరాలు ఒక్కోటి వేలెడు వెడల్పున, లేత గోధుమరంగులో, ఎండి, బెండులా పైకి లేచి ఉన్నాయి. చివరి అక్షరం దగ్గర తాళంచెవి జారిన తోక... అదీ ఉంది. అదీ కాయతో పాటే ఎదిగి, చుట్టూ సగం దాకా పాకింది.

ఓర్విల్ వేలు పెట్టి చూశాడు. నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"నోరీన్..." అన్నాడు. "ఎప్పుడు... రాశానన్నావు?"

ఆమె అరచెయ్యి ఆ పేరు మీద ఆనించి, ఒక్కో అక్షరాన్నీ తడిమింది. చివర్న ఆ తోకని కూడా.

"లే, లే. ఇక్కణ్ణుంచి పోదాం పద. దీన్ని ముందు పగలగొట్టి..." ఓర్విల్ తడబడుతూ లేచి, మంచి కాలు పైకెత్తాడు.

"వద్దు!"

అంత గట్టిగా ఆమె అరవడం ఆయన ఎప్పుడూ వినలేదు. కాయకి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "దాన్ని ముట్టుకోకండి ఓర్విల్ గారూ. మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆయన కాలు దించేశాడు. ఆయన చేతిలో టార్చి వణుకుతోంది. ఆమె చేతులు మాత్రం వణకడం లేదు... అది గమనించానని ఓర్విల్ ఇప్పటికీ చెబుతాడు.

నోరీన్ లేచింది. ఫోన్ వెతికి తీసుకుని, చెల్లెలికి రెండు ముక్కలు పంపింది — "దొరికింది. వస్తున్నా." మార్నీ కాయని బిడ్డని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుంది. తన పేరున్నదాన్ని ఎక్కడిదక్కడే ఉంచింది. మూడడుగులు పైకెక్కి, ఆగి, బావి వైపు తిరిగింది.

"రేపు పిల్ల కళ్ళు తెరిచాక వస్తాను," అంది.