తవిటమ్మ కుడిపైట

ఆ ఉదయం వంశధార సముద్రంలో కలిసే మొగ మీద మబ్బు కమ్మింది. కురవదు, కదలదు. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టినవాళ్లు ఆకాశాన్ని తిడుతున్నారు.

ధనరాజ్ కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ స్కానర్ ముందు కూర్చున్నాడు. స్కానర్ కొని పదిహేను రోజులు. నాలుగు వీడియోలు చూశాడు. దాంతో అతనికి రాని విద్య లేకుండా పోయింది.

వరసకు మరదలు యమున వచ్చింది.

"ఫ్యానెందుకు ఆపీసినావు బావా?"

"దుమ్ము లేస్తాది. నెగెటివ్ మీద నలుసు పడితే స్కాన్‌లో సెట్టంత కనిపిస్తాది."

"మరి లుంగీ అంచుతో ఆ అద్దం తుడుస్తన్నావు! లుంగీకి దుమ్ముండదా?"

అతను లుంగీ వదిలేశాడు.

యమునను పెంచింది నాయనమ్మ తవిటమ్మ. పోయి ఏడాది కావస్తోంది. ఉన్న ఒక్క ఫొటోనూ చెద తినేసింది. మిగిలింది నెగెటివ్ ముక్క. ఆదివారం సంవత్సరీకానికి పటం కట్టించాలని నిన్న ఇచ్చి వెళ్లింది.

ధనరాజ్ గర్వంగా ల్యాప్‌టాప్ తిప్పాడు. గీత లేదు, మరక లేదు. యమున ముఖం మాడింది.

"ఎవులీవిడ?"

"మీ నాయనమ్మే!"

"మా నాయనమ్మకి పుట్టుమచ్చ ఎడం బుగ్గ మీద. కుడి బుగ్గకెలాగెల్లింది?"

"ముందు ఫిల్మ్ అంచు మీద అంకెలు తిరగబడకుండా సరిగ్గా కనపడేలాగే పెట్టాను. తీరా సూస్తే పైట కుడి భుజం మీదున్నాది. తిరగబడిందని ఫిల్మ్ తిప్పి మళ్లీ తీశాను. ఆడోళ్లు ఎడమేపు కదా ఏసుకుంటారు?"

"మనకాడ పాతకాలపోళ్లందరిలాగే కుడిపైట ఆవిడ, సచ్చేదాకా! స్కానర్ కొన్నావు గానీ, కళ్లు కొనుక్కోలేదు."

"అంబలి తాగెల్లండర్రా," అంటూ అతని అమ్మమ్మ గున్నమ్మ గుమ్మంలోకి వచ్చింది. పైట కుడి భుజం మీద. ఇరవై ఆరేళ్లుగా అతనికి తిండి పెడుతున్న మనిషి.

"ఇప్పుడైనా సూడు," అంది యమున.

"ఏటే సూడమంతన్నావు?"

"ఏటీ లేదమ్మమ్మా. నీ మనవడికి పైట కొత్తగా కనిపించింది."

ధనరాజ్ చెవులు ఎర్రబడ్డాయి. ఫిల్మ్‌ను అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తాడు, రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు, అంకెలు సరిగ్గా కనపడేలా చూసి పెట్టాడు. ఈసారి పాఠం చెప్పలేదు.

తెర మీదికి తవిటమ్మ వచ్చింది. ఎడమ బుగ్గన మచ్చ. యమున చాలాసేపు చూసింది.

"నువ్వు పక్కనుండి తిడితేనే నాకు పని సరిగ్గొస్తాది," అన్నాడు ధనరాజ్.

"రోజూ తిట్టడానికి నానేటి, నీ పెళ్లాన్నా?"

"అదే అడగాలనుకుంతన్నాను."

యమున చూపు తెర మీదే ఉంది. "ధైర్యముంటే ఆదివారం పటం పట్టుకొని వచ్చి మా నాయన్ని అడుగు. దానికీ వీడియో సూసి రాకు."

ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. చోడి అంబలి, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. గున్నమ్మ ఇద్దరి ముఖాలూ చూసి, అడక్కుండానే యమున గిన్నెలో ఇంకో గరిటె పోసింది.