స్కిప్ చేసిన లెవెల్

మధ్యాహ్నం మూడు యాభైకి, రాజపాళయం నుంచి సత్రపట్టి వెళ్లే టౌన్ బస్సులో, ఎర్ర చీర కట్టి నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న మోనిష వచ్చి ఏజెంట్ సత్య పక్కన కూర్చుంది.

"ఈ బస్సు తళవాయిపురం పోతుందా?"

"పోదు. దిగి నడవాల."

కోడ్ సరిపోయింది. ఆమె తన ఫోన్ అతని ఒళ్లో పెట్టింది. విదేశీ ముఠాకు గేమ్ తయారుచేసే పిల్లగా చేరి, రెండేళ్లుగా సత్య డిపార్ట్‌మెంట్‌కే రహస్యాలు అందిస్తున్న డబుల్ ఏజెంట్ ఆమె.

"ముందు వచ్చే నూలు మిల్లే టార్గెట్. దూది విడదీసే బ్లోరూములో, బేళ్ల నడమ బాంబు పెట్టినారు. నాలుగింటికి ఈ ఫోన్‌లో ఉండే గేమ్‌లో తొమ్మిదో లెవెల్ తెరుచుకుంటాది. రెండు నిమిషాల్లో గెలిస్తే బాంబు చస్తాది. ఫోన్ ఆపితే పేలుతాది."

వెనక సీటులోంచి ఒక సూది ఆమె భుజంలో దిగింది. గుచ్చినవాడు మలుపులో దూకేశాడు.

"ఎట్ల గెలవాలో రాస్తే వాళ్లు చూసేస్తారు," మోనిష గొణిగింది. "అందుకే ఒక్క అక్షరం రాయలా. మొదటి లెవెల్లో నీ చేతికే నేర్పించినాను. ఆడినావు కదా?"

"ఆడినాను."

పచ్చి అబద్ధం. గేమ్ కాపీ నెల రోజుల క్రితమే అతనికి అందింది. దాని మీద డిపార్ట్‌మెంట్ రాసిన ఎనభై పేజీల ఫైలు శ్రద్ధగా చదివాడు. మొదటి లెవెల్ మాత్రం పిల్లకాయల ఆటలా కనిపించి, స్కిప్ నొక్కేశాడు. మోనిష నవ్వి, అతని భుజం మీద తల వాల్చి, మరి లేవలేదు. సత్యకు ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకు మాత్రం కాస్త భయం వేసింది.

మిల్లు స్టాప్‌లో దిగి పరిగెత్తాడు. అతని ఒంటిమీది మెకానిక్ ఖాకీ చొక్కా చూసి వాచ్‌మన్ ఆపలేదు. లోపల తొంభై మంది. "బయటికి పోండి!" అని గొంతు చించుకున్నాడు. ఆ మెషిన్ల రొదలో ఎవరికీ వినపడలేదు.

నాలుగైంది.

తెర మీద నూలు చుట్టే ఎనిమిది స్పిండిళ్లు గిర్రున తిరుగుతున్నాయి. ఒక నూలు పోగు తెగింది. వేలితో లాగి కలిపాడు. పక్కదీ తెగింది. దాన్ని కలిపేలోగా మరో మూడు. నలభై సెకన్లు మిగిలాయి.

"అయ్యో తంబీ, తిరిగేదాన్ని నిలపకుండా పోగు కలిపేదెట్ల?"

మిల్లులో తెగిన పోగులు కలిపే మారిసెల్వి అతని చెవి పక్కనే అరుస్తోంది. టెస్టింగ్ అని చెప్పి మోనిష ఈ మిల్లు క్యాంటీన్‌లో పంచిన గేమే అది. మారిసెల్వి ఫోన్ లాక్కుంది. ఎడమ బొటనవేలితో స్పిండిల్ అదిమి పట్టి, కుడి చేత్తో పోగు కలిపింది. తర్వాతిదీ అంతే. ఎనిమిదోది కలిసేసరికి రెండు సెకన్లు మిగిలాయి. తెర పచ్చబడి ఆగిపోయింది. బాంబు పేలలేదు.

"ఎవరు చెప్పినారక్కా నీకు?"

"ఎవురూ చెప్పలా. మొదటి లెవెల్లో ఒకే స్పిండిల్, ఒకే పోగు. పట్టుకోకుంటే తెగతానే ఉంటాది. రెండుసార్లు తెగింది, మూడోసారికి చెయ్యే నేర్చుకునింది. ఇక్కడ మెషిన్లో స్పిండిల్‌ని మోకాలితో నిలుపుతాము, దాంట్లో బొటనవేలు. నువ్వు ఆడలేదా?"

సత్య ఫోన్ వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఐదింటికి చీఫ్ రామచంద్రన్ ఫోన్ చేశాడు. సూది గుచ్చినవాడితో సహా ముఠా నలుగురూ దొరికారట. "శభాష్! కొత్త ఏజెంట్ల కోసం ఈ గేమ్ మీద మాన్యువల్ రాయి. వంద పేజీలకు తగ్గకూడదు."

బస్ స్టాప్ బల్ల మీద కూర్చుని సత్య గేమ్ తెరిచాడు. ఒకే స్పిండిల్, ఒకే పోగు. తెగింది. ఏం చేయాలో ఇప్పుడు తెలుసు. అయినా వేలు పెట్టలేదు. ఈ లెవెల్ అయిపోతే మోనిష తనతో చెప్పేది ఇంకేమీ ఉండదు. మళ్లీ తెగనిచ్చాడు.

చీకటి పడుతుండగా చీఫ్ మెసేజ్ వచ్చింది: "మాన్యువల్ ఎంతవరకు వచ్చింది?"

"మొదటి లెవెల్‌లోనే ఉన్నాను సార్," అని టైప్ కొట్టాడు సత్య. "కష్టంగా ఉంది."