జుమ్మా సెలవు పోయిన వారం

ఆ బేస్తవారం పొద్దున లీలమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. అత్త గోవిందమ్మ గొంగడి కప్పుకుని గడప పక్కన చేరి, కోడలు చేసే ప్రతి పనికీ ఒక వంక పెడుతోంది. పిండి గట్టిగా ఉందట, మంట ఎక్కువైందట. వంక పెట్టకపోతే ఆమెకు పొద్దు గడవదు. ఆ వంకలు వినబడకపోతే లీలమ్మకూ ఇల్లు ఇల్లులా ఉండదు.

లీలమ్మ భర్త ఎల్లస్వామి ఆ ఊరి బడిపంతులు. ముందురోజు పంతుళ్లందరినీ నల్లగొండకు పిలిస్తే పోయి, సందెవేళకు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు. ఇప్పుడు ముఖం కడుక్కొచ్చి పీట మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఇగ జుమ్మానాడు సెలవు లేదు. ఐతారం సెలవట" అన్నాడు.

"అయ్యో, గదేంది బిడ్డా? నాకు తెలివొచ్చినప్పటిసంది జుమ్మానాడే గద కచ్చేరి బందు, బడి బందు!"

"నిజాం సర్కారు పాయె, దాని సెలవులు పాయె. ఫసలీ నెలలు గూడ పాయె. ఎండకాలం సెలవులు ఇంగ్లీషు నెలల లెక్కన ఇస్తరట. ఏ తారీఖు నుంచో పైనుంచి హుకుం వస్తదన్నరు."

"ఎండలు గూడ హుకుం జూసుకొనే కాస్తయా ఏంది!" అని గోవిందమ్మ బోసినోటితో నవ్వింది.

లీలమ్మ నవ్వలేదు. "ఎప్పటిసంది?" అని అడిగింది.

"రేపటిసందే. రేపు జుమ్మా అయినా బడి నడవాలె. కట్టంగూరు క్యాంపు నుంచి మిలిటరీ జమేదారు వస్తుండు. ఈ రాత్రి జవాన్లతోని మన బడి వసారలనే పండుకుంటడట. తెల్లారంగనే ఊరందరిని పిలిచి, జెండా ఎగిరేసి, కొత్త సర్కారు సంగతి చెప్తడట. పిల్లలకు బెల్లం గూడ పంచుతరు."

"రొట్టె మాడుతాంది కోడలా! యాడ జూస్తున్నవ్?" గోవిందమ్మ అరిచింది.

రొట్టె నిజంగానే మాడింది. లీలమ్మకు ఆ వాసన కూడా తెలియలేదు.

పోలీసు చర్య అయి రెండు నెలలు దాటింది. రజాకార్ల పీడ వదిలింది, ఇక గుండెల మీద చేయి వేసుకుని పడుకోవచ్చని జనం అనుకున్నారు. పడుకోనిచ్చారా! వెనకాలే క్యాంపులు వచ్చాయి. సంగపోళ్ల కోసం, అంటే కమ్యూనిస్టు దళాల కోసం, జవాన్లు గుట్టలు గాలిస్తున్నారు. పొద్దు గూకాక వీధిలో మనిషి కనబడితే నువ్వెవరని అడగడం లేదు, కాల్చేస్తున్నారు. తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ పోయిన పక్క ఊరి ముసలాయన అలాగే పోయాడు.

లీలమ్మ తమ్ముడు సైదులు దళంలో ఉన్నాడు. తల్లి చనిపోతే పాలబుగ్గల వయసులో అక్క చంకనెక్కి ఈ ఇంటికి వచ్చినవాడు. పిల్లలు లేని ఈ ఇంట్లో వాడే పిల్లవాడయ్యాడు. ఎల్లస్వామే పలక పట్టించాడు, ఉర్దూ నేర్పాడు, అల్లరి చేస్తే కొట్టాడు, జ్వరమొస్తే ఎత్తుకుని చిట్యాల దవాఖాన దాకా నడిచాడు. అలాంటివాడు రజాకార్ల కాలంలో ఒక రాత్రి చెప్పాపెట్టకుండా గుట్టెక్కాడు. "నేను సర్కారు నౌకరి చేసేటోణ్ణి. వాడు మళ్ల ఈ గడప తొక్కద్దు" అని ఎల్లస్వామి ఆనాడే తేల్చి చెప్పాడు. ఆ తరువాత వాడి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆయనకు తెలియనిది ఒకటుంది. సైదులుకు చలిజ్వరం పట్టుకుంది. గుట్ట మీద మంచుకు ఎముకలు కొరుకుతున్నాయని, వారానికి ఒక్కరోజు కప్పు కింద పడుకుంటే బతుకుతానని అక్కకు కబురు పెట్టాడు. బడి ఊరి చివర గుట్ట వైపుకు ఉంటుంది. జుమ్మానాడు అక్కడికి ఎవరూ రారు. వచ్చేది బడి అలకడానికి లీలమ్మ ఒక్కతే. అందుకని బేస్తవారం చీకటి పడ్డాక వాడు దిగి, పాత సామాను పడేసే వెనక అర్ర కిటికీలోంచి లోపలికి దూరి, జుమ్మా అంతా పడుకుని, ఆ రాత్రికి వెళ్లిపోతాడు. అలుకు గంపలో లీలమ్మ వాడికి తిండి పట్టుకుపోతుంది.

జుమ్మా సెలవు పోయిందని గుట్ట మీద ఉన్నవాడికి ఎవరు చెబుతారు? వాడుండే చోటు లీలమ్మకే తెలియదు, దళంలో ఎవరూ చెప్పరు. కిటికీ బిగించేస్తేనో? అప్పటికే వాడు ఊళ్లోకి దిగి ఉంటాడు, వసారాలో జవాన్లుంటారు. ఎటు ఆలోచించినా ఆమెకు దారి కనబడలేదు.

గోవిందమ్మ చెంబు పట్టుకుని పెరట్లోకి పోగానే లీలమ్మ భర్త ఎదుట కూర్చుంది.

"ఏమయ్యా, ఈ ఒక్క జుమ్మా సెలవియ్యరాదూ. వచ్చే వారంసంది నడుపు."

"సెలవిచ్చెటోణ్ణి నేనా? నౌకరి ఊడుతది."

"జరమొచ్చిందని చెప్పు. జమేదారును ఇంకోనాడు రమ్మను."

"మిలిటరీని ఇంకోనాడు రమ్మంటరానే?" ఎల్లస్వామి తినడం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. "ఏంది లీలా, ఏం జేసినవ్?"

"ఈ రాత్రి బడికి సైదులు వస్తడు."

"ఏ సైదులు?" అన్నాడు, లోకంలో వాడు కాక ఇంకో సైదులున్నట్టు.

ఆమె అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన కంచంలోకే చూశాడు. చెప్పడం అయిపోయాక కంచాన్ని విసురుగా పక్కకు తోశాడు.

"నా బడిల! నాకు తెల్వకుంట, నా బడిల! దొరికితే వాన్నొక్కన్నే గాదే, నిన్ను, నన్ను, ఆ ముసలిదాన్ని ఒక్కతాడుకు కడతరు. నీకు అక్కెర లేదు. నీకు నీ తమ్ముడొక్కడే మనిషి!"

"వాడు నాకొక్కదానికే తమ్ముడా? నీ బుజాలమీద పెరగలేదా?"

"గుట్టెక్కేటప్పుడు నన్నడిగి పోయిండా?"

"అడిగితే పోనిస్తువా? నువ్వు భయపడేటోనివి. పటేలంటె భయం, పట్వారంటె భయం, తనిఖీకొచ్చే సాయబంటె భయం! ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న ఎవలకన్న ఎదురు మాట్లాడినవా? కూసో, గట్లనే భయపడుకుంట కూసో. రేపు నా తమ్మున్ని కాల్చి నీ బడి ముందటనే పండవెడతరు, నువ్వు బెల్లం పంచుదువు గాని!"

నోరు దాటిన మాట వెనక్కి రాదని ఆమెకూ తెలుసు. ఎల్లస్వామి లేచాడు. కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, వెనక్కి చూడకుండా బడికి వెళ్లిపోయాడు.

ఆ పగలు ఎలా గడిచిందో లీలమ్మకు గుర్తులేదు. పొద్దు వాలుతుండగా జవాన్లు వీధిలోంచి బడి వైపు నడిచిపోయారు. బూట్ల చప్పుడుకు కుక్కలు కూడా మొరగడం మానేశాయి. కాసేపటికి బడి వదిలే గంట రెండు దెబ్బలు వినబడి ఆగిపోయింది.

"ఇదేందే, బేస్తారం గంట గింతేనా?" అంది గోవిందమ్మ.

ఆ ఊళ్లో బేస్తవారం సాయంత్రం గంటంటే పండుగే. రేపు సెలవని తెలిసేలా పంతులు వసారాలో వేలాడే రైలుపట్టాను చాలాసేపు మోగిస్తాడు. పిల్లలు కేకలు పెడుతూ పరుగెత్తుతారు, గుట్ట మీద మేకలు కాసేవాళ్లు కూడా అది విని రేపు జుమ్మా అనుకుంటారు. లీలమ్మకు అవేమీ పట్టలేదు. భర్త ఇంటికొచ్చి తినకుండానే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇద్దరికీ నిద్ర లేదు. తుపాకి చప్పుడు ఎప్పుడు వినబడుతుందోనని ఆమె తెల్లవార్లూ చెవులు రిక్కించి పడుకుంది.

తెల్లవారాక ఊరంతా బడి ముందు చేరింది. జెండా ఎగిరింది, జమేదారు హిందుస్తానీలో కొత్త సర్కారు సంగతి చెప్పాడు. లీలమ్మ కళ్లు వెనక అర్ర తలుపు మీదే ఉన్నాయి. పోయి బడంతా చూడమని జమేదారు జవాన్లతో అన్నాడు. ఒకడు ఆ తలుపును కాలితో తన్నాడు. లీలమ్మ గోవిందమ్మ భుజం పట్టుకుని కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచేసరికి జవాను ఒక గడ్డిపరుపునూ చినిగిన బొంతనూ వాకిట్లో పడేస్తున్నాడు. అర్రలో మనిషి లేడు.

"ఇక్కడ పడుకునేదెవరు?" అని జమేదారు అడిగాడు.

"నేనే సాబ్" అన్నాడు ఎల్లస్వామి, టోపీ చేత్తో పట్టుకుని. "పిల్లలకు లెక్కలిచ్చి జరసేపు ఒరుగుత."

జమేదారు పెద్దగా నవ్వాడు. ఊరందరికీ వినబడేలా చెప్పాడు: "చూడండి మీ పంతుల్ని! రేపు పెద్ద పండుగ, ఊరంతా తెలిసేలా పొడుగు గంట కొట్టవయ్యా అని నిన్న నేను చెబితే కొట్టనన్నాడు. మళ్లీ చెప్పాను, మళ్లీ కొట్టనన్నాడు. సెలవు ముందురోజే పొడుగు గంట, రేపు సెలవు లేదు, అది రూలు అని నాకే పాఠం చెప్పాడు. ఇంత రూలు తెలిసినవాడు బడిలో నిద్రపోతాడన్నమాట!"

తరువాత పిల్లల ముందే చెవులు పట్టుకోమన్నాడు. ఎల్లస్వామి చెవులు పట్టుకున్నాడు. గుంజీలు తియ్యమన్నాడు, తీశాడు. ఎప్పుడూ ఆయన బెత్తానికి వణికే పిల్లల్లో ఒక్కడూ నవ్వలేదు. ఒకరిద్దరు ఏడ్చారు.

లీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తుపాకి పట్టుకున్నవాడు కొట్టమంటే కొట్టనన్నది ఈ మనిషేనా? భయపడేవాడని తను మొహం మీదే తిట్టింది ఈ మనిషినేనా? పొడుగు గంట వినకపోతే సైదులు అనుమానపడి ఆగిపోతాడని ఈయనకు తెలుసు. వాడికి ఆ గంటంటే ఎంత ప్రాణమో, వాణ్ణి చదివించినవాడికి కాక ఎవరికి తెలుస్తుంది!

మధ్యాహ్నం జవాన్లు వెళ్లిపోయాక ఇంట్లో ఆమె ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

"పాపిష్టిదాన్ని, నోటికొచ్చినట్టు అన్న. వానికోసమే గద నువ్వు గంట కొట్టలే?"

"తెల్లారి సెలవు లేకుంటె పొడుగు గంట ఎట్ల గొడతరే? రూలు" అన్నాడు ఎల్లస్వామి. కాళ్లు వెనక్కి తీసుకుని, నొప్పికి పళ్లు బిగించి, గోడకు ఒరిగాడు.

శనివారం సాయంత్రం బడి వదిలే గంట మోగింది. కొత్త లెక్కన రేపు ఐతారం సెలవు కాబట్టి పొడుగు గంటే. పిల్లలు కేకలు పెడుతూ వీధిలోకి వచ్చారు. గంట ఆగలేదు. పిల్లలు ఇళ్లకు చేరారు, గంట ఆగలేదు. చేలల్లోంచి వస్తున్నవాళ్లు నిలబడి బడి వైపు చూడసాగారు.

"వీనికేం బుట్టిందే, రెక్క వడిపోతది! పోయి ఆపు" అంది గోవిందమ్మ కంగారుగా.

లీలమ్మ పరుగున వెళ్లింది. వసారాలో ఎల్లస్వామి ఒక్కడే ఉన్నాడు. టోపీ కింద పడింది. సుత్తితో రైలుపట్టాను బలమంతా పెట్టి కొడుతున్నాడు. చూపు మాత్రం గుట్ట మీదే ఉంది. కళ్లలోంచి నీళ్లు కారి మీసాలు తడిశాయి.

"ఇగ చాలు! క్యాంపోళ్లకు గూడ ఇనవడతది" అని ఆమె చేయి పట్టుకుంది.

"ఇననియ్. రేపు సెలవు, రూలే." ఆయన చేయి విడిపించుకున్నాడు. "వాడు జరంతోని ఎక్కడ వడున్నడో. జుమ్మా పోయింది, ఐతారం వచ్చిందని వానికెవలు జెప్పాలె? వానికి ఇనవడాలె గదనే లీలా..."

చలిగాలి మొదలైంది. పొద్దు గూకడానికి ఇంకా కొంచెమే ఉంది. లీలమ్మ కొంగుతో ముందు ఆయన ముఖం తుడిచింది, తరువాత తన ముఖం తుడుచుకుంది. ఆయన చేతిలోంచి సుత్తి తీసుకుంది.

"నువ్వు జర కూసో" అంది. "నేను గొడత."