రాహెరా దిగి వచ్చిన రోజు

వాయవ్యపు గాలి వీచే రోజున కొండల పక్కనున్న మా ట్వైజెల్ ఊళ్లో ఎవరి బుర్రా స్థిమితంగా ఉండదు. కుక్కలు ఊరికే మొరుగుతాయి, మొగుడూ పెళ్లాలు కారణం లేకుండా కస్సుబుస్సులాడుకుంటారు. ఆ ఉదయం అలాంటి గాలే వీస్తోంది. అది చాలనట్టు రాహెరా ఇంట్లో టీటీ అనే సముద్రపక్షుల మాంసం ఉడుకుతోంది. దక్షిణపు దీవుల నుంచి చుట్టాలు ఉప్పులో ఊరవేసి బకెట్టుతో పంపిన మాంసం అది. ఆ వాసన ఇష్టమైనవాళ్లకి ప్రాణం లేచి వస్తుంది. పడనివాళ్లు వీధి చివరికి పారిపోతారు.

"అత్తయ్యా, కిటికీ కాస్త తెరవనా?" అన్నాడు రాహెరా మొగుడు ఈవన్, ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని.

"తెరువు. గాలికి పైకప్పు లేచిపోతే నువ్వే ఎక్కి బిగిద్దువుగాని. ఒకప్పుడు కొండలెక్కిన మొనగాడివేగా," అంది రిపెకా, కుండలో నీళ్లు మారుస్తూ.

రిపెకా రాహెరా తల్లి. ఎనభై దాటినా నోట్లో పదును తగ్గలేదు. అల్లుడిని ఆటపట్టించకపోతే ఆవిడకి పొద్దు గడవదు.

అప్పుడే టేరినా టీ కప్పు పట్టుకుని అమ్మ రాసుకునే గది వైపు వెళ్లింది. రాహెరా ఒక్కగానొక్క కూతురు ఆమె. జనాన్ని హిమానీనదాల మీదికి తీసుకెళ్లే గైడుగా పనిచేస్తూ, ఇప్పుడు అయిదో నెల కావడంతో ఈ వేసవికి పని మానుకుని పుట్టింటికి వచ్చింది. ఆ గది తలుపు ముందు ఎప్పటిలాగే ఆగింది. చిన్నప్పటి నుంచి టేరినా ఆ తలుపు తట్టి ఎరగదు. అమ్మ తీసేదాకా నిలబడుతుంది, లేదంటే కప్పు నేల మీద పెట్టేసి వెళ్లిపోతుంది. "ఎంత బుద్ధిమంతురాలు!" అని ఊరంతా మెచ్చుకునేది.

రాహెరా ఒకప్పుడు పేరున్న పర్వతారోహకురాలు. కూతురు పుట్టాక కొండలు మానేసి కలం పట్టింది. ఆమె పుస్తకాలు చదివి కొండలెక్కడం మొదలుపెట్టినవాళ్లు బోలెడు మంది ఉన్నారు. ఇన్నాళ్లూ కొండల గురించీ ఇతరుల గురించీ రాసిన ఆమె మొదటిసారి తన కథ రాసుకుంది. అచ్చుకి వెళ్లబోయే ప్రతిని దిద్ది ఆ రోజే పంపాలి.

తలుపు తెరిచే ఉంది, గదిలో ఎవరూ లేరు. టేరినా కప్పు బల్ల మీద పెట్టబోయి పుస్తకం అట్ట నమూనా చూసింది. వెనకవైపు పెద్ద అక్షరాల్లో ఉంది: "కన్నకూతురి కోసం అయోరాకి శిఖరాన్నే త్యాగం చేసిన ఒక తల్లి కథ."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. అట్ట పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి, ఎండిన బట్టల బుట్టతో రాహెరా పెరటి గుమ్మంలో కనబడింది.

"అమ్మా, ఈ మాట తీసేయించు."

"ఏ మాటే?"

"త్యాగం."

రాహెరా నవ్వేసింది. "అది పబ్లిషర్లు వేసుకున్న ముక్క. నాలుగు కాపీలు ఎక్కువ పోతాయని వాళ్ల ఆశ. పోనిద్దూ."

"లోపల నువ్వు రాసిందీ అదేగా! ఇంటర్వ్యూల్లో చెప్పేదీ అదేగా! నేను అడిగానా, త్యాగం చెయ్యమని?"

"ఈ గాలికి నీకు తల తిరుగుతున్నట్టుంది. కూర్చో."

"కూర్చోను," అంది టేరినా. "బడిలో టీచర్లు, కొట్లో వాళ్లు, నీ మీటింగులకి వచ్చే ముసలమ్మలు, అందరూ నా తల నిమిరి 'నీ కోసమే మీ అమ్మ కొండలు మానేసింది, తెలుసా?' అనేవాళ్లు. తెలుసు! తెలిసే నీకు అడ్డం రాకుండా పెరిగాను. జ్వరం వచ్చినా నీ తలుపు కొట్టలేదు. ఒకసారి నీ శిఖరం లాక్కున్నాను, ఇక నీ పుస్తకం కూడా లాక్కోకూడదు అనుకునేదాన్ని."

రాహెరా చేతిలోంచి బుట్ట జారింది.

"ఇప్పుడు నాకో బిడ్డ పుట్టబోతోంది," అంది టేరినా, కన్నీళ్లు తుడుచుకోకుండా. "కొండలు ఎప్పుడు మానేస్తావని అందరూ నన్నడుగుతున్నారు. నేనేం వదులుకున్నా అది వీడి నెత్తిన పడుతుందేమోనని భయంగా ఉందమ్మా. నాలాగా వీడు తలుపు బయట నిలబడకూడదు."

రాహెరా కుర్చీలో కూలబడింది. బుద్ధిమంతురాలైన కూతురని ఇన్నేళ్లూ మురిసిపోయింది. ఆ బుద్ధి వెనక ఇంత దిగులుందని ఆ తల్లికి ఇప్పుడే తెలిసింది.

రిపెకా పొయ్యి తగ్గించి వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది.

"మీ అమ్మ అయోరాకి దిగొచ్చిన రోజు నువ్వు నా చంకలో ఉన్నావే పిల్లా. ఇది బూట్లయినా విప్పకుండా ఇదే గుమ్మంలోంచి వచ్చింది. 'అమ్మా, పిల్లనియ్యి' అని నిన్ను నా దగ్గర్నుంచి లాక్కుంది. మొహం ఎంత వెలిగిపోతోందో! త్యాగం చేసొచ్చినవాళ్లు అలా పళ్లికిలిస్తారా?"

"మరి త్యాగం అని ఎందుకు చెప్పింది, టావా?" అంది టేరినా. వాళ్లలో అమ్మమ్మని పిలిచే పిలుపు అది.

"సిగ్గేసి చెప్పానే," అంది రాహెరా మెల్లగా. "వాతావరణం బావుంది, ఒంట్లో శక్తి ఉంది. పైన ఇంకాస్తే మిగిలింది. అంతలో పాలు చేపుకొచ్చాయి. లోపలి చొక్కా తడిసి ఆ చలికి అట్టకట్టింది. నువ్వు గుర్తొచ్చావు. ఇక నా మనసు ఆ కొండ మీద నిలవలేదు. కిందికొచ్చాక పేపరువాళ్లు ఎందుకు తిరిగొచ్చావన్నారు. పాలొచ్చాయి, పిల్ల కావాలనిపించింది అంటే నవ్విపోతారనుకున్నాను. త్యాగం అన్నాను. అందరూ గౌరవంగా తలలూపారు. అదే అలవాటైపోయింది."

"అయోరాకి మన పూర్వీకుడు, మనవాళ్లం ఆయన తల మీద నిలబడం," అంది రిపెకా. "కాస్త కింద ఆగిపోతాం. పూర్వీకుడి తల మీద కాలు పెట్టలేదని ఎవరికైనా సంజాయిషీ ఇచ్చామా? మరి పిల్ల దగ్గరికి దిగొచ్చినందుకు ఎందుకే నీకు సంజాయిషీ?"

ఈవన్ గొంతు సవరించుకున్నాడు. "నన్నెవరూ అడగరేం? తాడుకి రెండో కొసన ఉన్నది నేనే కదా. 'ఇంకాస్తేనే' అని బతిమాలాను. వింటేగా! దారి పొడుగునా నన్ను లాక్కొచ్చింది. నా మోకాలు అప్పటి నుంచే ఇలా ఉంది."

టేరినాకి ఏడుపులోనే నవ్వొచ్చింది. అంతలోనే తల్లి కళ్లలోకి చూసింది. "నిజం చెప్పు. మళ్లీ వెళ్లలేకపోయానని ఎప్పుడూ బాధపడలేదా?"

"పడ్డాను. ఇవాళ్టిలాంటి పొద్దుల్లో ఇప్పటికీ పడతాను. కానీ ఆ బాధ నాది, నువ్వు పెట్టింది కాదు. ఆ రోజు రెండూ కావాలనిపించాయి, నువ్వు ఎక్కువ కావాలనిపించావు. అంతే తల్లీ."

టేరినా తల్లి ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. రాహెరా కూతురి తల నిమురుతూ తనూ ఏడ్చింది.

తర్వాత రాహెరా పబ్లిషర్‌కి ఫోన్ చేసింది. అట్ట మీది మాట మార్చాల్సిందేనని, లోపలి అధ్యాయం తిరగరాసి సాయంత్రానికి పంపుతానని చెప్పింది. అవతలి మనిషి ఏదో గొణిగినట్టున్నాడు. "అయితే పుస్తకమే వద్దు," అనేసరికి ఒప్పుకున్నాడు. ఆమె గదిలోకి వెళ్లి అలవాటుగా తలుపు వేసుకుంది.

రిపెకా టీటీ మాంసం, బంగాళాదుంపలు బల్ల మీద పెట్టింది. టేరినా పళ్లెం ముందు కూర్చుని ఆ తలుపు వైపు చూసింది. లేచి వెళ్లింది. ఒక్క క్షణం ఎప్పటిలా నిలబడింది. తర్వాత పిడికిలితో దబదబా బాదింది.

"అమ్మా! ఆకలేస్తోంది. నువ్వొస్తేనే తింటాను!"

లోపల కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. చేతిలో పెన్ను, ఒక కాలికే చెప్పు, మొహం నిండా నవ్వుతో రాహెరా నిలబడి ఉంది.

"వచ్చేశానే," అంది రొప్పుతూ.

"చూశావా?" అంది రిపెకా మనవరాలితో. "ఆ రోజూ అచ్చం ఇలాగే వచ్చింది."