రీస్టార్ట్ చేసిన చేతులు

ఆఫీసు మూసేయబోతుండగా ఒక ప్రోగ్రామరు వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. వీధిలో అందరూ నిదానంగారని పిలిచే డిటెక్టివు, తీసేసిన కళ్లజోడు ఉసూరుమంటూ మళ్లీ పెట్టుకున్నాడు. పొద్దుటినుంచీ మొగుడూపెళ్లాల తగాదాలు విని ఆయన చెవులు అలిసిపోయి ఉన్నాయి.

"మాది డయాలసిస్ సెంటరండీ. మొన్న సర్వరు నెమ్మదిస్తే రీస్టార్ట్ చేశాను. అప్పట్నించి పేషెంట్లకి 'రేపు రండి' అని వెళ్లే మెసేజీలు ఆగిపోయాయి. ఒక పెద్దాయన రాలేదు, ఇప్పుడు ఐసీయూలో ఉన్నాడు. నేను కావాలనే చేశానట. రేపు పోలీసులకి అప్పగిస్తారట."

"కారణం దొరికిందా?"

"సెట్టింగుల ఫైల్లో ప్రాక్టీసు సెట్టింగు ఆన్ అయి ఉంది. అదుంటే మెసేజీ వెళ్లినట్టు చూపిస్తుందిగానీ వెళ్లదు. నేను పెట్టలేదు. ఆ ఫైలు తెరవగలిగేది నేనూ, ఓనరూ, ఆయన బావమరిది మేనేజరూ."

"అంతకుముందు సర్వరు ఎప్పుడు స్టార్ట్ చేశారు?"

"వానలు మొదలవకముందు."

మర్నాడు ఆయన మేనకోడలిని వెంటబెట్టుకుని సెంటరుకు వెళ్లాడు. ఆయనకున్న అసిస్టెంటు ఆమే.

"ఆవిడ ముట్టుకుంది, పాడైంది. ఇంక విచారణెందుకు?" అన్నాడు ఓనరు.

"ఆ ఫైలు మీరెప్పుడైనా తెరిచారా?"

"నాకు పాస్‌వర్డు ఉందంతే. తెరిస్తే ఏమవుతుందో కూడా తెలీదు."

మేనేజరు మర్యాదగా కుర్చీ జరిపాడు. "నేనూ దాని జోలికి పోనండీ. అయినా ఆ సెట్టింగు మార్చినా ఏమీ అవదు. ఈవిడ ఇంకేదో చేసుంటుంది."

నిదానంగారు ఆవులించాడు. మావయ్య అలా ఆవులించాడంటే దొంగ దొరికినట్టేనని మేనకోడలికి తెలుసు. మురిసిపోతూ ప్రోగ్రామరుతో సహా అందరినీ ఓనరు గదిలోకి పిలుచుకొచ్చింది.

"సర్వరు తన సెట్టింగులు మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదువుకుంటుంది," అన్నాడాయన. "పనిమీద బయటికెళ్లిన మనిషికి, వెనకాల ఇంట్లో మాట మార్చుకున్న సంగతి తెలియనట్టే. వానలకు ముందు సర్వరు స్టార్టయ్యాక ఎవరో సెట్టింగు మార్చారు. అప్పుడేమీ కాలేదు. మొన్న ఈ అమ్మాయి రీస్టార్ట్ చేస్తే ఆ మార్పు అమల్లోకొచ్చింది. పని తెలిసినవాళ్లు మారిస్తే ప్రమాదమంటారు. తెలియనివాళ్లు తెలీదంటారు. 'మార్చినా ఏమీ అవదు' అనేది మార్చి చూసినవాడే."

మేనేజరు ఓనరు వైపు తిరిగాడు. "ఈవిడ సెలవులో ఉన్నప్పుడు... కొత్త డాక్టర్లకి మన మెసేజీల పద్ధతి చూపించాలన్నారు కదా బావా, పేషెంట్లకి ఉత్తుత్తి మెసేజీలు వెళ్లకూడదని ఆన్ చేశా. మెసేజీలు మామూలుగానే పోయాయి. పనిచెయ్యని మీట అనుకుని వదిలేశా."

"మొన్న గుర్తు రాలేదా?" అన్నాడు నిదానంగారు.

"వచ్చింది," అన్నాడతను తల దించుకుని. "అప్పటికే అందరూ ఆవిడ పేరు చెబుతున్నారు."

గదిలో ఎవరికీ కోప్పడే ఓపిక కూడా లేకపోయింది. చివరికి ఓనరే ప్రోగ్రామరుని పిలిచాడు. "అది సరిచేసి మళ్లీ స్టార్ట్ చెయ్యమ్మా."

ఆమె సరిచేసింది. మెసేజీలు కదిలాయి. పేషెంట్ల ఫోన్లకు చేరాయని రూఢి చేసుకున్నాకే సంచీ భుజాన వేసుకుని మేనేజరు ముందు నిలబడింది.

"నిన్న ఐసీయూ బయట పెద్దాయన భార్య కాళ్లు పట్టుకుని, తప్పు నాదేనన్నాను. పదండి, ఇప్పుడు మీరు చెబుదురుగాని."