ఈనాక్ ఎక్కిన పొగగొట్టం

"ఏమండీ, మీ గంట అయిపోయింది. ఇప్పుడు నా వంతు."

ఇంగ్లండులోని హాలిఫాక్స్ ఊరి పాత రికార్డుల గదిలో ఆ రోజు పత్రికల ఫిల్ములు చూసే యంత్రం ఒక్కటే పనిచేస్తోంది. దాని ముందున్న అమ్మాయి తల కూడా తిప్పలేదు.

"నూటయాభై ఏళ్లుగా దొరకని పిల్లాణ్ని వెతుకుతున్నాను. ఐదు నిమిషాలు ఆగలేరా?"

"మా ముత్తాత తాత కూడా అప్పట్నుంచే కాచుకుని ఉన్నాడండీ."

అప్పుడు తిరిగి చూసింది. జుట్టులోంచి వాన నీళ్లు కారుతూ ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు.

"మీ పేరు?"

"టోబీ పికిల్స్."

"ఊరగాయా?" పెదవులు బిగబట్టినా నవ్వు ఆగలేదు.

"ఈ ఊళ్లో మా ఇంటిపేరు వాళ్లు వీధికి నలుగురు. నవ్వింది మీరొక్కరే."

ఆ అమ్మాయి బ్రయొనీ సగ్డెన్. తర్వాతి శనివారాల్లో వంతుల సంగతి మర్చిపోయి ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చున్నారు. మధ్యాహ్నాలు ఒకే గొడుగు కింద టీ కొట్టుకు నడిచారు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

బ్రయొనీ వెతుకుతున్నది ఈనాక్ కోసం. వాళ్ల తాతయ్యకు తాత అయినాయనకి అన్న. ఏడేళ్ల వయసులో ఏమయ్యాడో తెలియదు. టోబీ వెతుకుతున్నది ముత్తాత తాత జేబెజ్ కోసం. పెద్ద మేస్త్రీ అని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు.

ఒక శనివారం బ్రయొనీ టీ తేవడానికి వెళ్లింది. 1872 నాటి పత్రిక తిప్పుతున్న టోబీ ఒకచోట ఆగిపోయాడు.

మసి దులపడానికి మిల్లు పొగగొట్టంలోకి ఎక్కించిన పిల్లాడు మధ్యలో ఇరుక్కుపోయాడు. వాడు దిగిరావాలని, వాణ్ని పనిలో పెట్టుకున్న మేస్త్రీ కింద గడ్డి అంటించాడు. పిల్లాడు ఊపిరాడక చనిపోయాడు. పేరు ఈనాక్ సగ్డెన్. మేస్త్రీకి ఆరు నెలల జైలు. అతని పేరు జేబెజ్ పికిల్స్. వీధి పేరు, భార్య పేరు కూడా టోబీకి తెలిసినవే.

ఫిల్ము కాస్త ముందుకు తిప్పేస్తే బ్రయొనీకి ఎప్పటికీ తెలియదు. చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

"ఏంటలా బిగుసుకుపోయావు?" టీ కప్పులతో వచ్చిన బ్రయొనీ అడిగింది.

"ఈనాక్ దొరికాడు," అన్నాడు టోబీ. "చంపింది మావాడే."

ఆమె చదివింది. మళ్లీ చదివింది. కప్పులు అక్కడే పెట్టి, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత అతని ఫోన్ ఎత్తలేదు. ఆదివారం టోబీ బ్రయొనీ ఇంటి తలుపు తట్టాడు. వాళ్ల నానమ్మ విన్నీ తీసింది.

"టోబీ పికిల్స్‌నండీ. ఏం చెప్పాలో తెలియట్లేదు బామ్మగారూ. రాకుండా ఉండలేకపోయాను."

విన్నీ తలుపు పూర్తిగా తెరిచింది. "లోపలికి రా, తడుస్తున్నావు."

భోజనాల బల్ల దగ్గర బ్రయొనీ తల ఎత్తలేదు. కంచంలో మాంసం ముట్టకుండానే చల్లారిపోతోంది.

"ఆ పిల్లాణ్ని మీవాడికి అప్పజెప్పిందెవరో పేపర్లో రాశారా?" విన్నీ అడిగింది.

"లేదండీ."

"కన్నతండ్రే. మిల్లులో చెయ్యి నలిగి పని పోయింది. ఇంటినిండా పిల్లలు, ఆకలి. ఒక నోరు తగ్గుతుందని తనే నడిపించుకెళ్లి వదిలొచ్చాడు. మా ఆయన పోయేముందు నాకు చెప్పాడు."

బ్రయొనీ చేతిలో ఫోర్కు కంచంలో పడింది. "నీకు తెలుసా నానమ్మా? నేను ఇన్నాళ్లుగా వెతుకుతుంటే..."

"నీకు దొరక్కూడదనే రోజూ దేవుణ్ని వేడుకున్నాను. సిగ్గేసిందే తల్లీ."

బ్రయొనీ కంచం పక్కకు నెట్టేసింది.

"ఆ బిడ్డకి మనవాళ్లూ అన్యాయం చేశారు, వాళ్లవాళ్లూ చేశారు," అంది విన్నీ. "నేను దాచాను, ఈ అబ్బాయి మాత్రం దాచలేదు. కుర్చీ వెయ్యి."

బ్రయొనీ లేచింది. కుర్చీ తెచ్చి తన పక్కనే వేసింది.

"నాకు కోపం పోలేదు," అంది మెల్లగా. "ఎవరి మీద చూపించాలో తెలియట్లేదు."

"నా మీద చూపించు. ఇక్కడే ఉంటాను."

"ఎంతకాలం?"

"నువ్వు పొమ్మనేదాకా."

బ్రయొనీ అతని కంచంలో వేయించిన బంగాళాదుంపలు వడ్డించింది. కళ్లు తుడుచుకుంది.

"అననులే. తిను," అంది.